ప్రచార పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఎక్కించి పంచేవారికి: తరచూ అడిగే ప్రశ్నలు

ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. విస్తీర్ణం 2,621 ఎకరాలు, అంచనా వ్యయం రూ. 2,786 కోట్లు. అక్కడికి వచ్చే సంస్థలు, వాటికి సరుకులూ సేవలూ అందించే కర్నూలు, నంద్యాల, కడప వ్యాపారులు కాగితం బ్రోచరుకు బదులు పెన్‌డ్రైవ్ పంచాలనుకున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మీ పత్రాలు చూడకుండా ఎవరూ ఖచ్చితమైన సలహా ఇవ్వలేరు.

ఈ జవాబుల్లో "ప్రచార పెన్‌డ్రైవ్" అంటే వ్యాపార ప్రచారం కోసం ఫైళ్లు ఎక్కించి ఉచితంగా ఇచ్చే పెన్‌డ్రైవ్. "పంపిణీదారు" అంటే దాన్ని తన పేరుతో పంచే సంస్థ లేదా వ్యక్తి. "ఎక్కించేవారు" అంటే పంపిణీదారు కోరికపై ఫైళ్లు ఎక్కించే దుకాణం. "హక్కుదారు" అంటే ఆ ఫైలుపై కాపీరైట్ ఉన్నవారు.

1. ఉచితంగానే ఇస్తున్నాం కదా, అనుమతి ఎందుకు?

కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 14 ప్రకారం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో ఏ మాధ్యమంలోనైనా నిల్వ చేయడం కూడా నకలు తీయడమే. ఆ హక్కు హక్కుదారుదే. ధర తీసుకోకపోవడం మినహాయింపు కాదు. సెక్షన్ 52లోని మినహాయింపులు సొంత అధ్యయనం, విమర్శ, వార్తా కథనం వంటి వాటికి ఉద్దేశించినవి. వ్యాపార ప్రచారం ఆ జాబితాలో లేదు.

తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయని ఉల్లంఘనకు, కారణాలు రాసి, కోర్టు ఈ కనీస శిక్షను తగ్గించవచ్చు. ప్రచార పెన్‌డ్రైవ్ విషయంలో ఆ వాదన నిలవడం కష్టం. ఈ నేరంలో పోలీసులు వారెంటు లేకుండా చర్య తీసుకోవచ్చనీ, ఇది బెయిలు హక్కుగా దొరికే నేరం కాదనీ సుప్రీంకోర్టు 2022 మే 20న నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో తేల్చింది.

2. డబ్బిచ్చి బ్రోచరు చేయించుకున్నాం. అది మాదే కదా?

అన్ని సందర్భాల్లోనూ కాదు. ఎక్కువమంది చిక్కుల్లో పడేది ఇక్కడే.

సెక్షన్ 17 ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫోటోకూ వీడియోకూ, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. ఉద్యోగి తన ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని తొలి హక్కుదారు. బయటి డిజైనరు రాసిన వ్యాసానికీ, తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కూ ఈ నియమం వర్తించదు. మీరు బిల్లు మొత్తం చెల్లించినా, రాతపూర్వక బదిలీ లేనంతవరకు హక్కుదారు ఆ డిజైనరే.

బదిలీ పత్రం సెక్షన్ 19 ప్రకారం రాతలో ఉండాలి, బదిలీ చేసేవారి సంతకం ఉండాలి. అందులో రచన పేరు, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా భావిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. పొందిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరుగా రాసుకోనిపక్షంలో, ఆ హక్కు రద్దవుతుంది. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో జరిగే ప్రదర్శనలో పంచే ఉద్దేశం ఉంటే ఆ సంగతి పత్రంలో తప్పక రాయించుకోండి.

3. మా యూనిట్ వీడియోను డ్రోన్‌తో తీయించవచ్చా?

ఓర్వకల్లులో ఈ ప్రశ్నకు ప్రత్యేక జవాబు ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ఇక్కడే ప్రారంభమైంది. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయ సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ ఉండదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్. రెడ్, ఎల్లో జోన్లలో ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయరాదు. ఎగరేసే రోజునే అధికారిక మ్యాప్ చూడండి, ఎందుకంటే జోన్లు మారవచ్చు. అనుమతి పత్రం ప్రతిని ఆపరేటరు నుంచి తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి. అనుమతి లేని వీడియోను పంచడమంటే మీకు వ్యతిరేకంగా సాక్ష్యాన్ని మీరే పంచడం.

4. ట్రాక్టర్‌లోనో ఆటోలోనో వింటారని కొన్ని సినిమా పాటలు కూడా ఎక్కించవచ్చా?

మొబైల్ దుకాణాల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించడం ఊరూరా చూసిందే. అందరూ చేస్తున్నారన్నది చట్టం ముందు జవాబు కాదు. ఒక పాటలో రికార్డింగ్, సాహిత్యం, స్వరం అనే మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి. నకలు తీసి పంచేందుకు లైసెన్సు రాతలో ఉండాలి, మూడింటికీ వర్తించాలి. ఫంక్షన్ హాల్లో పాటలు వేయడానికి తీసుకున్న లైసెన్సు బహిరంగ ప్రదర్శనకే. దానితో నకలు తీయడం కుదరదు. పెళ్లి ఊరేగింపులో పాట వేయడానికి సెక్షన్ 52లో ఉన్న మినహాయింపు కూడా అంతే.

5. అన్నమయ్య కీర్తనలూ వేమన పద్యాలూ అయితే?

సాహిత్యం వరకు ఇబ్బంది లేదు. రచయిత మరణించిన 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది, అన్నమాచార్యులు 1503లో కన్నుమూశారు. అయితే రికార్డింగ్ హక్కు వేరు. అది వెలువడిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1964లో వెలువడిన రికార్డింగ్ గడువు 2024 చివరితో తీరింది, 1966 నాటిది 2026 చివరి వరకు ఉంటుంది. కీర్తనకు ఇటీవలి విద్వాంసులు కట్టిన స్వరానికి ఆ స్వరకర్త హక్కు విడిగా ఉండవచ్చు. మీ ఊరి గాయకుడితో పాడించుకుని, రాతపూర్వక అనుమతి తీసుకోవడం సులువు.

6. బ్రోచరు సరిగ్గా కనపడాలని తెలుగు ఫాంటు ఫైళ్లు కూడా ఇవ్వవచ్చా?

ఫాంటు ఫైలు కూడా లైసెన్సుతో వచ్చేదే. డీటీపీ కేంద్రం కొన్న అను ఫాంట్లను మీ ప్రచార పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంచే హక్కు ఆ కొనుగోలుతో మీకు రాదు. ఫాంటును ఇముడ్చుకున్న పీడీఎఫ్ ఇవ్వండి, అయితే అందుకు లైసెన్సు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తాయి. వాటిని ఇతర ఫైళ్లతో కలిపి పంచవచ్చు, కానీ లైసెన్సు పత్రాన్ని వాటితోపాటే ఉంచాలి.

7. గాంధీజీ బొమ్మ, ప్రధాని ఫోటో, మూడు సింహాల చిహ్నం వాడవచ్చా?

వాడరాదు. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం 1950 మహాత్మా గాంధీ, ప్రధానమంత్రి పేర్లను, చిత్రాలను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడటాన్ని నిషేధిస్తుంది. జాతీయ చిహ్నానికి 2005 నాటి చట్టం వేరుగా ఉంది. పారిశ్రామిక నోడ్‌లో స్థలం దొరికినంత మాత్రాన ప్రభుత్వ లోగో వాడే హక్కు రాదు.

8. పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటే బాధ్యత ఎవరిది?

మొదట అడిగేది పంపిణీదారునే. పేరున్న సంస్థలకూ ఇది తప్పలేదు. 2010లో ఆస్ట్రేలియాలో జరిగిన భద్రతా సదస్సులో ఐబీఎం పంచిన పెన్‌డ్రైవ్‌లలో వైరస్ బయటపడింది. 2017 డిసెంబరులో తైవాన్ పోలీసులు సైబర్ భద్రత పోటీలో బహుమతిగా ఇచ్చిన 250 పెన్‌డ్రైవ్‌లలో 54కు వైరస్ ఉంది. అది ఎక్కించే దశలోనే చేరింది.

ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కింద యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో వైరస్ చేర్చితే పరిహారం చెల్లించాలి. రూ. 5 కోట్ల వరకు దావాలను సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి విచారిస్తారు. దురుద్దేశం లేదా మోసం రుజువైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు. మీ సంస్థ కంప్యూటర్లలో వైరస్ కనిపిస్తే, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, గమనించిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

ఎక్కించేవారితో ఒప్పందంలో మూడు షరతులు రాయించుకోండి: కొత్త పెన్‌డ్రైవ్‌లే వాడాలి, మీరిచ్చిన మూల ప్రతి నుంచే నకళ్లు తీయాలి, ప్రతి విడత నుంచి కొన్నింటిని పరీక్షించి ఆ నివేదికను సంతకంతో ఇవ్వాలి. పెట్టగానే వీడియో దానంతట అదే మొదలవ్వాలని కోరకండి. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఆ సౌకర్యం ఆగిపోయింది, దాన్ని దాటవేసే ఉపాయాలను యాంటీవైరస్ అనుమానిస్తుంది.

9. పొరపాటున కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా కూడా ఎక్కింది. ఏం చేయాలి?

పంపిణీ ఆపండి. ఎవరికి ఎన్ని ఇచ్చారో రాసుకుని, వాటిని వెనక్కి తీసుకోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 కింద నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అప్పటి నోటిఫికేషన్ ప్రకారం ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. అప్పటి నుంచి ఇలాంటి లీకును ఆలస్యం లేకుండా బాధితులకూ డేటా రక్షణ బోర్డుకూ తెలపాలి, 72 గంటల్లో బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. తగిన భద్రతా చర్యలు లేకపోతే జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు. ఆలోపు ఏ బాధ్యతా లేదని అనుకోవద్దు. సున్నితమైన డేటా విషయంలో కంపెనీలకు ఐటీ చట్టం సెక్షన్ 43ఏ వర్తిస్తుంది. పాత పెన్‌డ్రైవ్‌లో చెరిపేసిన ఫైళ్లను తిరిగి తెచ్చుకునే వీలుంది కాబట్టి అలాంటి పెన్‌డ్రైవ్‌లను ప్రచారానికి వాడకండి.

10. కొన్న పెన్‌డ్రైవ్‌లపై కట్టిన జీఎస్‌టీకి క్రెడిట్ వస్తుందా?

ఉచితంగా కానుక ఇస్తే రాదు. సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) దాన్ని నిరోధిస్తుంది. ఇప్పటికే క్రెడిట్ తీసుకుంటే వెనక్కి కట్టాలి, వాడుకుని ఉంటే వడ్డీ కూడా. యంత్రం కొన్నవారికి ఒకే ధరలో భాగంగా మాన్యువల్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తే అది కానుక కాకపోవచ్చు. 2019 మార్చి 7 నాటి సర్క్యులర్ 92 చూపించి మీ అకౌంటెంట్‌తో మాట్లాడండి. ఒకే డీలరుకు ఏడాదిలో ఇచ్చిన కానుకల మొత్తం విలువ రూ. 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ బాధ్యత కూడా రావచ్చు.

11. డాక్టర్లకు ఇవ్వవచ్చా?

మందుల కంపెనీ అయితే జాగ్రత్త. 2024 మార్చిలో వచ్చిన ఫార్మా మార్కెటింగ్ నియమావళి కానుకలను నిషేధిస్తుంది. సమాచార, విద్యా సామగ్రికి ఒక్కోదానికి రూ. 1,000 పరిమితి ఉంది.

12. హక్కుదారు నుంచి నోటీసు వచ్చింది, లేదా పోలీసులు పెన్‌డ్రైవ్‌లను జప్తు చేశారు. గడువులేమిటి?

పంపిణీ వెంటనే ఆపండి, కానీ మిగిలిన పెన్‌డ్రైవ్‌లను ధ్వంసం చేయకండి. మూల ప్రతి, బిల్లులు, లైసెన్సు పత్రాలు, ఎక్కించేవారితో ఒప్పందం ఒకచోట చేర్చండి. జప్తు జరిగితే కాపీరైట్ చట్టం సెక్షన్ 64 కింద, జప్తు తేదీ నుంచి 15 రోజుల్లోగా మేజిస్ట్రేటుకు వాపసు దరఖాస్తు పెట్టుకోవాలి. నోటీసుకు జవాబిచ్చే గడువు నోటీసులోనే ఉంటుంది. ఆ తేదీ దాటకుండా న్యాయవాది ద్వారా రాతలో జవాబివ్వండి, ఫోనులో ఏ తప్పూ ఒప్పుకోకండి.

నష్టపరిహార దావాకు కాలపరిమితి ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. కాపీరైట్ ఉందని మీకు తెలియదనీ, అనుమానించే కారణమూ లేదనీ రుజువు చేస్తే, సెక్షన్ 55 కింద మీపై నిషేధాజ్ఞ, మీకొచ్చిన లాభంలో కోర్టు నిర్ణయించిన మొత్తం వరకే తీర్పు ఉంటుంది. రుజువు భారం మీదే. బెదిరింపుకు ఆధారమే లేదనుకుంటే, సెక్షన్ 60 కింద మీరే దావా వేసి, ఆ బెదిరింపు నిరాధారమని ప్రకటించమనీ, దాన్ని ఆపమనీ, నష్టం ఇప్పించమనీ కోరవచ్చు. బెదిరించినవారు తగిన జాగ్రత్తతో తామే దావా వేసి నడిపితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.