పసుపు జెర్సీ పంచాయతీ

తాండూరు, వికారాబాద్ పిల్లలు కొందరు ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ వెంట ఏళ్ళ తరబడి తిరిగారు. రైలెక్కి లింగంపల్లిలో దిగి, ఆటో మాట్లాడుకొని గచ్చిబౌలి బాలయోగి స్టేడియం చేరేవారు. జట్టు ఓడిన రాత్రి తిరుగు బండిలో పంచాయతీ మొదలైతే శంకర్‌పల్లి పోయి, వికారాబాద్ పోయి, ధారూరు దాటినా తెగేది కాదు. బళ్ళో పీటీ సారుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, తీర్పు నన్నడిగేవారు. అప్పుడు చెప్పినవీ, చెప్పకుండా మింగేసినవీ ఇవి. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది కాబట్టి ఇక మొహమాటం దేనికి?

1. కోచ్‌ను తిట్టేముందు జీతాల సంగతి అడగాలి.

2022-23 సీజన్‌లో మన జట్టు 20 మ్యాచ్‌లాడి 42 పాయింట్లతో ఇండియన్ సూపర్ లీగులో రెండోది. మరుసటి సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. మధ్యలో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు, ఐర్లాండ్‌కు చెందిన కానర్ నెస్టర్ వచ్చాడు, ఆయనా పోయాక తంగ్‌బోయ్ సింగ్టో చేతికి పగ్గాలొచ్చాయి. రైల్లో వాదనంతా ఈ ముగ్గురి చుట్టే. ఆటగాళ్ళకు జీతాలు అందడం లేదన్నదీ, కొత్తవాళ్ళను చేర్చుకోకుండా ఫిఫా ఆంక్ష పెట్టిందన్నదీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. వాటిని మావాళ్ళు రెండు నిమిషాల్లో దాటేసి మళ్ళీ ఫార్మేషన్ దగ్గరికొచ్చేవారు. కంది చేను ఎండితే ఆకును తిట్టినట్టుండేది నాకు.

2024 జనవరికి పేరున్న ఆటగాళ్ళు చాలామంది సర్దుకున్నారు. వాళ్ళను ‘గద్దార్లు’ అన్న పిల్లాణ్ణి నేనొక్కటే అడిగాను: “తమ్మీ, నువ్వు పనిచేసే బండల పాలిష్ యూనిట్‌లో మూడు నెలలు పైసలియ్యకపోతే నాలుగో నెల బండ మోస్తవా?” వాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

2. నోరున్నవాడే నాయకుడు కాడు.

“కెప్టెన్ నోరే తెరుస్తలేడు సార్” అనేది ఇంకో ఫిర్యాదు. ఆ కెప్టెన్ జోవావ్ విక్టర్, బ్రెజిల్ వాడు. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే ఆయన ఆగాడు. ఇరవై దాటీ దాటని పిల్లలను పక్కన పెట్టుకొని ప్రతివారం ఓడడానికే దిగినట్టు దిగాడు. అరిచే కెప్టెన్ కావాలంటే టీవీలో యూరప్ మ్యాచ్‌లున్నాయి.

3. ‘కల్చర్’ అంటే ఏమిటో హైదరాబాద్ ఒకసారి చేసి చూపించింది.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. ఎందుకంటే “మన క్లబ్బుకు కల్చర్ లేదు సార్” అనే పిల్లల్లో సగం మందికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా తెలీదు. ఆయన బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. దేశం జట్టుతో 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం.

కప్పుల లెక్క కంటే ఆయన పద్ధతి చెప్పాలి. బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ పోవడానికి వీల్లేని టోర్నమెంట్లు పెట్టాడు. తీసుకోవాలి, వెంటనే పక్కవాడికివ్వాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న టోర్నమెంట్లూ పెట్టాడు. సొంత గొప్ప చూపించుకునేవాడికి ఆ ఆటలో చోటే లేదు. దాని గురించి ఉపన్యాసం అవసరం రాలేదు, నిబంధనే ఆ పని చేసింది. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి తులసీదాస్ బలరాం దగ్గర డబ్బుల్లేకపోతే, అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి రహీం ఇచ్చేవాడట. ఆ సంగతి బలరామే చెప్పుకున్నాడు. తర్వాత అతను రెండు ఒలింపిక్స్ ఆడాడు.

1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడితే, రహీం అతణ్ణి ముందు వరుసకు జరిపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ ఆ కట్టు కట్టుకున్న తలవాడిదే. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు.

ఈ కథ చెప్తే ఒక కుర్రాడు “ఆ కాలం వేరు సార్” అన్నాడు. వేరే. సిటీ పోలీస్ ఆటగాడికి నౌకరీ ఉండేది, ఒకటో తారీఖు జీతం ఉండేది. మళ్ళీ మొదటి పాఠానికే వచ్చాం, చూశారా.

4. ఆఖరి స్థానం చూసి బెదిరిపోవద్దు.

పుణె జట్టు మూతబడ్డాక 2019లో ఈ క్లబ్బు పుట్టింది. మొదటి సీజన్‌లోనే 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో అట్టడుగు. కొత్త కోచ్‌గా రావాల్సిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్ళిపోతే, 2020 ఆగస్టు చివర్లో మనోలో వచ్చాడు. లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటి కుర్రాళ్ళకు వరుసగా మ్యాచ్‌లిచ్చాడు. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే ఛాంపియన్ అయిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు! మావాళ్ళు టీవీ ముందు గంతులేశారు.

ఆ కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు పెద్ద జట్లకు వెళ్ళిపోయారు. అది తప్పు కాదు, చిన్న క్లబ్బు అట్లాగే బతుకుతుంది. వాళ్ళ జాగాలో వచ్చేవాణ్ణి ఎవరు తయారుచేస్తున్నారన్నదే అడగాల్సింది. 2022 సంబరంలో ఎవరూ అడగలేదు.

5. ఓడిన రాత్రి ఇచ్చిన తీర్పులు తెల్లారి చెల్లవు.

దీనికి వివరణ అక్కర్లేదు. లింగంపల్లిలో పీకేసిన కోచ్‌ను తాండూరు వచ్చేసరికి మళ్ళీ పెట్టుకున్న సందర్భాలున్నాయి.

6. జెండా మనదే, క్లబ్బు మనది కాదు.

2024లో జిందాల్ వాళ్ళు క్లబ్బును తీసుకున్నారు. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. తర్వాత ఢిల్లీ. ఈ మలుపుల్లో ఏదీ డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం జెండాల కింద గొంతు పోగొట్టుకున్నవాళ్ళను అడిగి జరగలేదు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ అభిమానులకూ ఇదే జరిగింది. 2002లో వాళ్ళ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్నానికి తరలించడానికి అనుమతి ఇచ్చేశారు. వాళ్ళు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకొని కింది మెట్టు నుంచి మొదలుపెట్టారు, 2011కల్లా ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కారు. “మనమూ పెడదామా సార్” అంటే నేను వెంటనే ఊ అనలేదు. వాళ్ళకు పేటకో మైదానం ఉంది. మాకు పీటీ పీరియడ్ వచ్చిందంటే లెక్కల సారు తలుపు దగ్గర నిలబడేవాడు.

7. “మనోళ్ళు ఒక్కరూ లేరు” అనేవాడు ముందు తన మండలం చూసుకోవాలి.

నిజమే, హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీలో తెలుగు పిల్లలు చాలా అరుదుగా ఉండేవారు. అయితే వికారాబాద్ జిల్లా నుంచి ఎవణ్ణి పంపాం? క్రికెట్ బ్యాటు కొనిచ్చిన తండ్రులు నాకు కోకొల్లలు తెలుసు, ఫుట్‌బాల్ బూట్లు కొన్నవాళ్ళు తక్కువ. ఢిల్లీ వెళ్ళిన జట్టును తిట్టడం మానని పిల్లలకు ఇప్పుడు నేను మొయినాబాద్ దారి చూపిస్తున్నాను. వికారాబాద్ నుంచి మన్నెగూడ, చేవెళ్ళ మీదుగా పట్నం పోయే బస్సు అటునుంచే వెళ్తుంది. శ్రీనిధి డెక్కన్ జట్టు మైదానం డెక్కన్ ఎరీనా అక్కడే. 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఆ జట్టు ఐ-లీగులో రెండో స్థానంలో నిలిచింది. రైల్లో అరిచిన గొంతులను అక్కడికి తీసుకుపోవాలని నా ప్రయత్నం. వచ్చేసారి ఎనిమిదో తరగతి పిల్లలను కూడా వెంట తెమ్మన్నాను, బస్సు ఛార్జీ మనమే వేసుకుందామని. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు అక్కడి కోచ్ ఎట్లాంటోడు సార్ అని మొదలుపెట్టాడు.