డీటీపీ షాపు నడిపితే వినియోగదారుడు కాడా?

ప్రశ్న: ఇబ్రహీంపట్నం రింగు దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుకుంటున్నాను. మనిషిని పెట్టుకునే స్తోమత లేక నేనే టైపు చేస్తాను. ఆర్నెల్ల క్రితం బెజవాడలో 42 వేలు పెట్టి కొన్న డెస్క్‌టాప్ ఒకరోజు పొద్దున్నే ఆన్ కాలేదు. కొన్నచోట ఇస్తే మూడు వారాలు తిప్పించుకుని, ‘వోల్టేజీ వల్ల మదర్‌బోర్డు కాలింది, వారంటీ రాదు, 9 వేలవుతుంది’ అన్నారు. గట్టిగా అడిగితే, ‘మీది వ్యాపారం, కన్స్యూమర్ కోర్టు మీకు వర్తించదు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్నమాట చట్టంలో ఉన్నదే. కానీ దాని కిందే మినహాయింపూ ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తానే వాడుకునే వస్తువైతే అది వ్యాపార అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది. పాత చట్టం కాలంలోనే, 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో, సుప్రీంకోర్టు దీన్ని టైప్‌రైటరు ఉదాహరణతో విడమరిచింది. టైప్‌రైటరు కొని పదిమందికి టైపు చేసిపెట్టి బతికేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఫర్వాలేదంది. ఇవాళ ఆ టైప్‌రైటరు స్థానంలో ఉన్నది మీ కంప్యూటరే కదా! అయితే ‘ఇదే నా జీవనాధారం, నేనే నడుపుతాను’ అనే వాక్యం ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి. అది లేకపోవడం వల్లే కొన్ని కేసులు వీగిపోతాయి.

ఇక మదర్‌బోర్డు సంగతి. అది కాలిందని ఎలా తేల్చారో అడగండి. ఫ్యాను తిరగక, లైటు వెలగకపోతే ముందు చూడాల్సింది పవర్ కేబులు, ఎస్ఎంపీఎస్. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే ర్యామ్, మానిటర్ కేబులు. వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి చూశారా? ర్యామ్ మార్చి చూశారా? వోల్టేజీ పెరిగితే సాధారణంగా మొదటి దెబ్బ తినేది ఎస్ఎంపీఎస్. అది బాగానే ఉండి బోర్డొక్కటే పోయిందంటే నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. జవాబు కాగితం మీద ఇమ్మనండి. అవసరమైతే వస్తువును ప్రయోగశాలకు పంపించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. మీ వీధిలో నిజంగానే వోల్టేజీ తేడాలుంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు దాచుకోండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. పైసా ఖర్చుండదు, చాలా షాపులు అక్కడే దిగివస్తాయి. దిగిరాకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కొన్న ధర 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొన్నవారు కూడా తాము ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆచరణలో ఇంకొంచెం సాగుతుందనే అనుకోండి.

షాపువాళ్ల జాబ్ షీటు మీద మీరు ఇంకా సంతకం పెట్టలేదనుకుంటాను. అందులో ‘వోల్టేజీ వల్ల కాలింది’ అని రాసి ఉంటే, దాని పక్కన ‘నేను ఒప్పుకోవడం లేదు’ అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకుని, అప్పుడే సంతకం పెట్టండి.