ద్వీప విహారము

శ్రీ సత్యసాయి జిల్లాలో నల్లమాడ యను మండల కేంద్రము కలదు. 2022వ సంవత్సరమున క్రొత్త జిల్లా యేర్పడుటకు ముందు అది అనంతపురము జిల్లాలో నుండెను. ఈ పీఠభూమిపై ఏటేట కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. నైరుతి మేఘములు పడమటి కనుమలను దాటి వచ్చుసరికి తమ నీటిని చాలవరకు కోల్పోవును. తూర్పు సముద్రమునుండి వచ్చు మేఘములు ఇంత లోపలికి చేరునప్పటికి బలహీనమగును. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమువంక చూచుచునే కాలము గడుపవలసియుండును. ఇట్టి ఊరి బాలబాలికలకు నలుదెసల నీరే గల ద్వీపము కథలోని వింతవలె తోచుట సహజము.

'ద్వి' అనగా రెండు, 'అప్' అనగా నీరు. ఇరుప్రక్కల నీరు గలది గావున ద్వీపమయ్యెను. అట్టి ద్వీపములను చూచుటకు మన దేశమును విడిచిపోనక్కరలేదు. బంగాళాఖాతమునందు అండమాన్ నికోబార్ దీవులు 800కు పైగా నున్నవి. వానిలో జనులు నివసించునవి 40కి లోపుగనే యుండును. నల్లమాడవారు కదిరిలో రైలెక్కి, పాకాల మీదుగా తిరుపతి చేరి, అచ్చటినుండి చెన్నపట్టణము పోవచ్చును. చెన్నపట్టణమునుండి ఓడలో ఇంచుమించు మూడు దినములును, విమానములో రెండు గంటలకు కొంచెము పైగాను ప్రయాణము చేసినచో పోర్టు బ్లెయిరు చేరుదురు. 2024లో ఈ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. అచ్చట తెలుగు మాట వినబడిన ఆశ్చర్యపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ద్వీపవాసులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు.

ఆ పట్టణమున మొదట చూడదగినది సెల్యులర్ జైలు. దీనిని 1896 మొదలు 1906 వరకు ఆంగ్లేయులు కట్టించిరి. నడుమ ఒక గోపురము, దానినుండి చక్రపు టాకులవలె ఏడు బారులు, వానిలో 698 గదులు ఉండెను. ఒక బారులోని గదుల ముఖము మరియొక బారు వీపువైపు ఉండునట్లు కట్టుటచే ఒక ఖైదీ మరియొకని ముఖము చూడజాలకుండెను. ఖైదీలను ఎద్దులవలె నూనె గానుగలకు కట్టి త్రిప్పించిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడగు గాం మల్లుదొర ఈ దీవులకే పంపబడెను. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఖైదీలు 1937లో చేసిన నిరాహారదీక్ష ఫలితముగా రాజకీయ ఖైదీలను స్వదేశమునకు మరలించిరి. ఇప్పుడు మూడు బారులు మాత్రము మిగిలియున్నవి. 1979లో దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. ఇచ్చట బిగ్గరగా నవ్వుచు తిరుగక, ఒక గదిలో కొంతసేపు మౌనముగా నిలిచిన స్వాతంత్ర్యమునకు చెల్లించిన వెల తెలియును.

తరువాత సముద్రము. స్వరాజ్ ద్వీపములోని రాధానగర్ తీరమున సూర్యాస్తమయము కన్నుల పండువుగా నుండును. అద్దపు అడుగు గల పడవలలో కూర్చుండి పగడపు దిబ్బలను చూడవచ్చును. పగడము రాయి కాదు, చెట్టు కాదు. అది చిన్న జంతువులు తమ చుట్టును కట్టుకొను సున్నపు గూడు. ఆ జీవుల శరీరములో నాచువంటి మొక్కలు చేరి వానికి ఆహారము నిచ్చును. నీరు మిక్కిలి వేడెక్కినచో ఆ మొక్కలు వెడలిపోయి పగడము తెల్లబారును. 2010లో అండమానునందు ఇట్లే జరిగెను. కావున పగడమును త్రొక్కరాదు, విరువరాదు, ఇంటికి తేరాదు. తెచ్చుట చట్టరీత్యా నేరము కూడ.

బావిలో ఈత నేర్చిన బాలుడు సముద్రమును బావి యనుకొనరాదు. బావినీరు కదలక నిలిచియుండును. సముద్రము లోపలికి లాగును. లాగుడులో చిక్కినవాడు ఎదురీదక తీరము వెంబడి ప్రక్కకు ఈది, లాగుడు తగ్గిన పిమ్మట ఒడ్డునకు మరలవలెను. మడ అడవుల ఉప్పుటేరులలో మొసళ్ళు కలవు. అనుమతించిన చోటనే నీటిలో దిగవలెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు లిటిల్ అండమానులోని ఒంగే తెగవారు సముద్రము వెనుకకు పోవుట చూచి ఎత్తైన చోటునకు పోయి ప్రాణములు దక్కించుకొనిరి. పుస్తకము చదువనివారని మనము తలచువారు సముద్రమును చదివిరి.

జారవ, సెంటినలీ మొదలగు తెగలవారిని వినోదవస్తువులవలె చూడబోవుట తగదు. జారవల అడవిగుండా పోవు దారిలో వాహనములను ఆపుట, ఫోటోలు తీయుట నిషిద్ధము. సెంటినలీల ద్వీపము దరికి పోవుటయే నిషిద్ధము. బయటివారికి సామాన్యమైన జలుబు వారికి ప్రాణాంతకము కావచ్చును.

ఈ ద్వీపములలో సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. అది అనంతపురపు వానకు అయిదింతలకు మించినది. అయినను వేసవిలో పోర్టు బ్లెయిరున నీటి కరవు కలుగుచుండును. కొండలు నిటారుగా నుండుటచే వాననీరు వెంటనే సముద్రములో కలిసిపోవును. ధనికరి జలాశయము నీరు తగ్గినప్పుడు పట్టణమునకు నీటిని రోజు విడిచి రోజు ఇయ్యవలసివచ్చును. చుట్టును సముద్రమున్నను ఒక గ్రుక్క త్రాగుటకు వీలుపడదు.

కావున నీటి కరవునకు వాన తక్కువగుట యొక్కటియే కారణము కాదు. కురిసినదానిని నిలుపుకొనకపోవుటయు కారణమే. నల్లమాడవంటి సీమలో పూర్వులు చెరువులు త్రవ్వించినది ఈ యెరుకతోనే. అట్టి సీమనుండి వచ్చిన విద్యార్థి ద్వీపములోని బసలో ఒక బిందెడు నీటితోనే స్నానము ముగించిన, ఆ యూరి వారికి గొప్ప మేలు చేసినవాడగును. తిరిగి వచ్చిన పిమ్మట తన యూరి చెరువులో పూడిక తీయు పనికి ఒక చేయి వేసిన, విహారము సార్థకమగును.

ప్రశ్నలు

1. 'ద్వీపము' అను పదమునకు అర్థమేమి?
2. సెల్యులర్ జైలు నిర్మాణమునందలి క్రూరత్వమును వివరింపుము.
3. పగడము తెల్లబారుటకు కారణమేమి?
4. అధిక వర్షము కురియు ద్వీపమున నీటి కరవు ఏల కలుగును? మీ యూరి పరిస్థితితో పోల్చి వ్రాయుము.