భయపడకు బిడ్డా, నాకు చెప్పు

చదవండి

మన ఇంటికి గడప ఉంది. తలుపు ఉంది. తెలియని మనిషి వస్తే గడప దగ్గరే ఆపుతాం. "ఎవరు నువ్వు? ఏం పని?" అని అడుగుతాం.

ఫోనుకు గడప లేదు. తెలియని మనిషి నేరుగా మన బిడ్డ చేతిలోకి వస్తాడు. పక్కనే కూర్చున్న తల్లికి కూడా కనిపించడు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఎందరో మగవాళ్లు దుబాయి, మస్కట్ పోయి పని చేస్తున్నారు. వాళ్ల ముఖం చూడాలంటే ఫోనే దిక్కు. అందుకే అప్పు చేసి అయినా మంచి ఫోను కొంటాం.

2020లో కరోనా వచ్చింది. బడులు మూతపడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీవీలో, ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పారు. అప్పుడు చాలా మంది పిల్లల చేతికి ఫోను వచ్చింది. బడులు తెరిచారు. ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

ఫోను చెడ్డది కాదు. అందులో పాఠం ఉంది, నాన్న మాట ఉంది. కాని మోసగాళ్లు కూడా ఉన్నారు.

మోసగాడు ఎలా వస్తాడు?

మొదట ఆటలోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో పలకరిస్తాడు. ఆడపిల్ల పేరు పెట్టుకుంటాడు. ఆడపిల్ల ఫోటో పెట్టుకుంటాడు.

తర్వాత మెచ్చుకుంటాడు. ఆటలో నాణేలు ఇస్తాడు. "ఏ బడి? ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని ఆరా తీస్తాడు.

ఆ తర్వాత "మన మాటలు ఎవరికీ చెప్పకు" అంటాడు. ఈ మాట వచ్చిందంటే ప్రమాదం వచ్చినట్టే.

చివరకు ఫోటో అడుగుతాడు. ఫోటో చేతికి రాగానే బెదిరిస్తాడు. మామూలు ఫోటోను కూడా కంప్యూటర్‌తో చెడ్డ ఫోటోగా మార్చేవాళ్లు ఉన్నారు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా ఇలా జరుగుతుంది.

ఇద్దరి మాటలు

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు అనుకుందాం. ఒక తల్లి చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. చేతులు ఆడటం లేదు. సంఘం లీడరు అక్క వచ్చింది.

"ఏమైంది చెల్లె? పొద్దటి సంది ఒక్క కట్ట కాలేదు?"

"నిద్ర లేదక్కా. బిడ్డ మూడు దినాల సంది సక్కగ తింటలేదు. బడికి పోనంటున్నది. రాత్రి ఫోను మోగితే ఉలిక్కిపడ్డది. దగ్గర కూసోబెట్టుకొని అడిగితే ఏడ్చింది. ఎవడో ఆటల దోస్తు అయ్యిండట. ఫోటో అడిగితే పంపిందట. ఇప్పుడు ఇంకో ఫోటో పంపు, లేకుంటే దీన్ని మార్చి అందరికి పంపుత అంటున్నడట."

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట అక్కా? ఫోను పగలగొడుదామనుకున్న. బిడ్డను బడి మానిపిద్దామనుకున్న. దుబాయిల ఆయనకు తెలిస్తే ఏమంటడో అని గుబులు."

"బడి మానిపిస్తే శిక్ష ఎవలకు పడ్డట్టు? వానికా, బిడ్డకా?"

చెల్లె మాట్లాడలేదు.

"వానికి కావాల్సింది గదే చెల్లె. బిడ్డ భయపడాలె, ఇంట్ల చెప్పొద్దు. ఆ భయమే వాని బలం. బిడ్డ నీకు చెప్పింది. అప్పుడే వాని బలం సగం పోయింది."

"నాకు ఫోను సంగతి ఏం తెల్వదక్కా. పచ్చది ఒత్తుడు, ఎర్రది ఒత్తుడు, గంతే."

"ఫోను తెల్వకపోతే మాయె. నీ బిడ్డ మొకం నీకు తెలుసు కద! తింటలేదని కనిపెట్టింది నువ్వే."

"బిడ్డది తప్పు కాదా అక్కా?"

"బిడ్డ నమ్మింది. మోసం చేసింది వాడు. తప్పు వానిది. పా, ఫోను చేద్దాం."

ఇద్దరూ కలిసి 1098కి ఫోను చేశారు. తర్వాత పోలీసు ఠాణాకు పోయారు. బిడ్డ మళ్లీ బడికి పోతున్నది.

చట్టం ఏం చెబుతుంది?

పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండని పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది.

ఠాణాకు పోతే పరువు పోతుందని చాలా మంది తల్లులు వెనుకాడతారు. కాని ఈ చట్టం ప్రకారం బిడ్డ పేరు, ఫోటో, బడి పేరు పేపర్లో, టీవీలో రాకూడదు. బిడ్డ ఠాణాకు రావలసిన పని లేదు. బిడ్డ మాటలు ఇంటి దగ్గరే రాసుకోవచ్చు. వీలైనంత వరకు మహిళా ఎస్సై రావాలి. యూనిఫాం వేసుకొని రాకూడదు. అమ్మ గాని, బిడ్డ నమ్మిన మనిషి గాని పక్కన ఉండవచ్చు.

పిల్లల అశ్లీల ఫోటోలు తయారు చేయడం, పంపడం ఐటీ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితేనే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. "చూడండి, ఎంత ఘోరమో" అని అలాంటి ఫోటోను ఇంకొకరికి పంపినా నేరమే.

ఇంట్లో ఏం చేయాలి?

1. రాత్రి పడుకునేటప్పుడు ఫోను అమ్మ దగ్గర ఉండాలి.
2. పిల్లలు నలుగురిలో కూర్చొని ఫోను చూడాలి. తలుపు వేసుకొని చూడవద్దు.
3. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకు 13 ఏళ్లు నిండాలి. ఇది ఆ కంపెనీలు పెట్టిన నియమమే.
4. తెలియని మనిషికి ఫోటో, బడి పేరు, ఓటీపీ చెప్పవద్దని నేర్పండి.
5. బడి బట్టల్లో ఉన్న బిడ్డ ఫోటోను స్టేటస్‌లో పెట్టకండి. నాన్న చూడాలంటే నాన్నకే పంపండి.
6. రోజూ అడగండి: "ఇయ్యాల ఫోన్ల ఏం చూసినవ్ బిడ్డా?" కోపంగా కాదు, కబుర్లలాగా అడగండి.

ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి. ఇంకో ఫోటో పంపనివ్వకండి. మెసేజీలు చెరిపేయకండి. అవే సాక్ష్యం. ఫోనును ఉన్నది ఉన్నట్టు పోలీసులకు చూపించండి.

బడిలో ఏం చేయాలి?

2021లో తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం ఒక మంచి పని చేసింది. 33 జిల్లాల్లో 1650 సర్కారు బడులను తీసుకుంది. బడికి ఇద్దరు చొప్పున 3300 మంది పిల్లలకు శిక్షణ ఇచ్చింది. వాళ్లను సైబర్ అంబాసిడర్లు అన్నారు. ఫోనులో జరిగే మోసాల గురించి తోటి పిల్లలకు చెప్పడం వాళ్ల పని. పెద్దలకు చెప్పడానికి జంకే పిల్లలు తోటి పిల్లలకు చెప్పుకుంటారు.

2024లో సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మన మహిళా సంఘాల వాళ్లే వాటికి అధ్యక్షులు. కాబట్టి బడిలో అడిగే హక్కు మనకు ఉంది. ఇవి అడుగుదాం:

• ఫోను మోసాల గురించి పిల్లలకు పాఠం చెబుతున్నారా?
• కంప్యూటర్ గదిలో పిల్లల దగ్గర సారు గాని, టీచరమ్మ గాని ఉంటున్నారా?
• బిడ్డకు కష్టం వస్తే బడిలో ఎవరికి చెప్పుకోవాలి?
• 1098 నంబరు గోడ మీద రాసి ఉందా?

గుర్తు పెట్టుకోండి

1098 – పిల్లల హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పని చేస్తుంది. పైసా ఖర్చు లేదు.
1930 – ఫోనులో డబ్బు మోసం జరిగితే.
112 – ఆపదలో పోలీసు సాయం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. "మన మాటలు ఎవరికీ చెప్పకు" అని మోసగాడు ఎందుకు అంటాడు?
2. తల్లి బిడ్డను బడి మానిపిస్తే ఎవరికి నష్టం? ఎవరికి లాభం?
3. మీ బిడ్డ తప్పు చేసినా మీకు చెప్పగలదా? చెప్పాలంటే మీరు ఏం చేయాలి?

ఖాళీలు నింపండి

1. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ________.
2. బెదిరించే మెసేజీలు ________ వద్దు. అవే సాక్ష్యం.
3. పోక్సో చట్టం ________ ఏళ్లు నిండని పిల్లలకు వర్తిస్తుంది.

రాయండి

ఈ మాటను మూడుసార్లు రాయండి. ఈ రాత్రి మీ బిడ్డకు చదివి వినిపించండి.

"ఏం జరిగినా నాకు చెప్పు బిడ్డా. నేను కొట్టను. బడి మానిపించను. నీ దిక్కు నేనున్న."