కడుపులో బిడ్డ, నడుముకు బెల్టు: భిలాయ్ నుంచి పుట్టింటికి వెళ్లే దారిలో కొంత భౌతికశాస్త్రం

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అదే ఏడాది ఆగస్టులో స్వీడన్‌లో వోల్వో కంపెనీ తన కార్లలో ఒక కొత్త రకం పట్టీని అమర్చింది. భుజం మీదుగా ఒక పట్టీ, నడుము మీదుగా ఒక పట్టీ, మొత్తం మూడు చోట్ల బిగింపు. దాన్ని రూపొందించిన నీల్స్ బోలిన్ అంతకుముందు విమానాల్లో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాట్ల మీద పనిచేసిన ఇంజనీరు. వోల్వో ఈ పేటెంటును మిగతా కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. ఈరోజు మన కార్లలో కనిపించే సీటు బెల్టు అదే.

ఉక్కు కర్మాగారంలో ఎత్తు మీద పనిచేసేవారు సేఫ్టీ బెల్టు లేకుండా నిచ్చెన ఎక్కరు. హెల్మెట్, సేఫ్టీ బూట్లు లేకుండా షాపులో అడుగుపెట్టనివ్వరు. అలాంటి ఊళ్లో కూడా ఇంట్లో కోడలికి నెల తప్పగానే కారు ఎక్కేటప్పుడు ఒక మాట వినిపిస్తుంటుంది: "బెల్టు పెట్టుకోకమ్మా, కడుపు మీద నొక్కుకుంటుంది." ప్రేమతో చెప్పే మాటే. కానీ ప్రమాదం జరిగిన క్షణంలో తల్లికీ బిడ్డకూ అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఈ మాటే. ఎందుకో ఈ వ్యాసంలో లెక్కలతో సహా చూద్దాం.

దూర ప్రయాణం, పెద్ద కడుపు

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది వారిలో ఇప్పటికీ నడుస్తున్న ఆచారం. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పంపిస్తారు. రైలు ఉన్నా సామాను, తోడు వచ్చే పెద్దవాళ్లు, ఇంటి గుమ్మం వరకూ వెళ్లే వీలు చూసుకుని కారు మాట్లాడుకునే వారు తక్కువేం కాదు. ధంతరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాటు ఎక్కి, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం చేరే దారి ఐదు వందల కిలోమీటర్లకు పైనే. మలుపులు, లారీలు, రాత్రి ప్రయాణాలు. అంటే బిడ్డ బాగా ఎదిగి పొట్ట ముందుకు వచ్చిన నెలల్లోనే అతి పొడవైన రోడ్డు ప్రయాణం జరుగుతోంది.

ఇక ఊళ్లో తిరిగే చిన్న ప్రయాణాలు. సెక్టార్ 9 ఆసుపత్రికి నెలనెలా పరీక్షకు వెళ్లడం, సుపేలాలో బజారు, పవర్ హౌస్ దగ్గర జాతీయ రహదారి దాటడం. "ఇక్కడికే కదా" అని బెల్టు వదిలేసేది ఎక్కువగా ఈ ప్రయాణాల్లోనే. ఆ వేగాల దగ్గర ఏం జరుగుతుందో లెక్క వేద్దాం.

గంటకు 50 కిలోమీటర్లు అంటే మూడంతస్తుల మేడ

గంటకు 50 కి.మీ. వేగం అంటే సెకనుకు దాదాపు 13.9 మీటర్లు. పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారు మూడో అంతస్తు మీద నుంచి కింద పడే మనిషి నేలను తాకేటప్పుడు ఉండే వేగం అదే. కారు దేన్నయినా గుద్ది ఆగిపోయినప్పుడు లోపలి మనిషి శరీరం మాత్రం అదే వేగంతో ముందుకు సాగుతూనే ఉంటుంది. న్యూటన్ మొదటి సూత్రం చెప్పేది ఇదే. ఎలాగూ ఆ శరీరం ఆగాలి. ఎంత దూరంలో ఆగుతుందన్నదే ప్రాణాలను నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 65 కిలోల బరువున్న గర్భిణిని తీసుకుందాం. బెల్టు పెట్టుకుంటే ఆమె శరీరం కారుతో పాటే నెమ్మదిస్తుంది. కారు ముందు భాగం నలిగిపోయే దూరం, బెల్టు కాస్త సాగే దూరం కలిపి 70 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు ఆమె మీద పడే సగటు బలం దాదాపు 900 కిలోల బరువుతో సమానం. బెల్టు లేకపోతే? కారు ఆగిపోయిన తర్వాత ఆమె స్టీరింగుకో డాష్‌బోర్డుకో కొట్టుకుని పది సెంటీమీటర్లలోనే ఆగుతుంది. ఆగే దూరం ఏడో వంతు అయింది కాబట్టి బలం ఏడు రెట్లవుతుంది. అంటే ఆరు టన్నులకు పైమాటే. అదీ నేరుగా పొట్ట మీద.

"చేతులు ముందుకు చాచి ఆపుకుంటాను" అనుకునే వారికి ఈ అంకెలే సమాధానం. 900 కిలోల్ని కూడా ఎవరి చేతులూ ఆపలేవు. పైగా ఇదంతా సెకనులో పదో వంతు సమయంలో ముగిసిపోతుంది.

బిడ్డకు అసలు ప్రమాదం ఎక్కడ?

మూడు నెలలు నిండే వరకూ గర్భాశయం కటి ఎముకల గూడులో దాగి ఉంటుంది. అయిదో నెల వచ్చేసరికి దాని పైఅంచు బొడ్డు వరకూ పెరుగుతుంది. ఆ తర్వాత ముందు వైపున ఎముక అడ్డం ఉండదు. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు మెత్తలా ఉండి చిన్న చిన్న తాకిడుల నుంచి కాపాడుతుంది. అయితే ద్రవాన్ని నొక్కి కుదించలేం. ఒక చోట గట్టిగా నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ పాకుతుంది. బడిలో చదువుకున్న పాస్కల్ నియమం ఇది.

ఈ ఒత్తిడి బిడ్డకు నేరుగా దెబ్బ తగలకపోయినా హాని చేయగలదు. గర్భాశయం గోడ సాగే గుణం ఉన్న కండరం. బిడ్డకు ప్రాణవాయువునూ ఆహారాన్నీ అందించే మాయకు ఆ సాగే గుణం తక్కువ. ఒక బెలూన్ ఊది దాని మీద తపాలా బిళ్ల అతికించి చూడండి. బెలూన్‌ను ఒక పక్క గట్టిగా నొక్కితే రబ్బరు సాగుతుంది, బిళ్ల సాగదు. అంచుల దగ్గర అది ఊడి వస్తుంది. కారు ప్రమాదంలో మాయ గోడ నుంచి విడిపోయే తీరు కూడా ఇలాంటిదే. మాయ విడిపోతే బిడ్డకు రక్తసరఫరా తగ్గిపోతుంది. తల్లికి లోపల రక్తస్రావం మొదలవుతుంది. ఒక్కోసారి ఆ రక్తం బయటికి కనిపించదు కూడా.

అందుకే బిడ్డను కాపాడటం అంటే తల్లి పొట్ట దేనికీ కొట్టుకోకుండా చూడటం. తల్లి శరీరాన్ని పట్టి ఉంచే బలం పొట్ట మీద కాకుండా గట్టి ఎముకల మీద పడేలా చూడటం. సీటు బెల్టును సరిగ్గా పెట్టుకుంటే ఈ రెండు పనులూ అదే చేస్తుంది.

పరిశోధనలు చెప్పిందేమిటి?

అమెరికాలో గర్భిణి ఆకారంలో బొమ్మను తయారుచేసి కారు ఢీకొనే పరీక్షలు చేశారు. 1996లో వచ్చిన ఫలితాల్లో ఒకటి ఆలోచింపజేస్తుంది. నడుము పట్టీని పొట్ట కింద తుంటి ఎముకల మీద పెట్టినప్పటి కంటే పొట్ట మీద పెట్టినప్పుడు గర్భాశయానికి చేరిన బలం మూడు నాలుగు రెట్లు పెరిగింది. అంటే భయపడాల్సింది బెల్టును చూసి కాదు, దాన్ని తప్పు చోట పెట్టుకోవడాన్ని చూసి.

మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గర్భిణులు ఉన్న 57 నిజమైన కారు ప్రమాదాలను విశ్లేషించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా, బెల్టు సరిగ్గా పెట్టుకున్న తల్లుల బిడ్డలే ఎక్కువగా క్షేమంగా బయటపడ్డారని తేలింది. వోల్వో 2002లో గర్భిణి శరీరాన్ని కంప్యూటర్‌లో నమూనాగా తయారుచేసి, ప్రమాదంలో మాయ, గర్భాశయం, బిడ్డ ఎలా కదులుతాయో గమనించడం మొదలుపెట్టింది.

కారు నడిపే గర్భిణులకు పనికొచ్చే అధ్యయనం కెనడాలోని ఒంటారియోలో జరిగింది. ప్రసవించిన ఐదు లక్షల మందికి పైగా మహిళల రికార్డులను పరిశీలించి 2014లో ప్రచురించారు. గర్భానికి ముందు వీరిలో నెలకు సగటున 177 మంది కారు నడుపుతూ తీవ్ర ప్రమాదాల పాలైతే, నాలుగు నుంచి ఆరో నెల మధ్య ఆ సంఖ్య 252కు పెరిగింది. అంటే 42 శాతం ఎక్కువ. ప్రయాణికులుగానో పాదచారులుగానో ఉన్నప్పుడు ఈ పెరుగుదల కనిపించలేదు. వేవిళ్లు తగ్గి ఒంట్లో బాగుందనిపించే నెలలవి. అయినా అలసట, నిద్ర సరిపోకపోవడం, ధ్యాస చెదరడం కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. గర్భిణులు కారు నడపకూడదని దీని అర్థం కాదు. మరింత నెమ్మదిగా, బెల్టుతో, ఫోను పక్కన పెట్టి నడపాలని అర్థం.

బెల్టు పెట్టుకునే పద్ధతి

ముందు నడుము పట్టీ. అది పొట్ట కింద, వీలైనంత దిగువన, తుంటి ఎముకలను ఆనుకుని తొడల మొదట్లో ఉండాలి. పొట్ట మీద గానీ, బొడ్డు మీదుగా గానీ ఎప్పుడూ పోకూడదు.

తర్వాత భుజం పట్టీ. భుజం మధ్య నుంచి, రెండు రొమ్ముల నడుమ నుంచి, పొట్ట పక్కగా కిందికి రావాలి. మెడకు ఒరుసుకుంటోందని దాన్ని చంక కిందికో వీపు వెనక్కో తోసేయకూడదు. అలా చేస్తే శరీరం పైభాగం ముందుకు మడుచుకుపోయి బలమంతా నడుము పట్టీ మీదే పడుతుంది. సీటు పక్కన స్తంభం మీద పట్టీ ఎత్తును మార్చే మీట ఉంటే దాన్ని సరిచేసుకోవాలి.

చీర కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ల ముడి, మందపాటి శాలువా, ఒడిలో దిండు లాంటివి పట్టీకీ ఎముకకీ మధ్య చేరితే బెల్టు వదులైపోతుంది. బట్టను సాపు చేసుకుని, పట్టీని కిందికి జరిపి, భుజం పట్టీని పైకి ఒకసారి లాగితే వదులు పోతుంది. మెలికలు పడకుండా చూసుకోవాలి.

సీటును మరీ వెనక్కి వాల్చి పడుకోకూడదు. ప్రమాదంలో శరీరం బెల్టు కింద నుంచి ముందుకు జారిపోతుంది. అప్పుడు నడుము పట్టీ ఎముకల మీద నుంచి తప్పి పొట్ట మీదికి ఎక్కుతుంది.

వెనక సీటులో కూర్చుంటే, మూడు చోట్ల బిగించే బెల్టు ఉన్న పక్క సీటును ఎంచుకోవాలి. పాత కార్లలో మధ్య సీటుకు నడుము పట్టీ ఒక్కటే ఉంటుంది.

ఎయిర్‌బ్యాగ్ సంగతి

ఎయిర్‌బ్యాగ్ సెకనులో ముప్ఫయ్యో వంతు సమయంలో విచ్చుకుంటుంది. అది బెల్టుకు తోడే తప్ప బెల్టుకు బదులు కాదు. బెల్టు లేని మనిషి ముందుకు దూసుకువచ్చి, ఇంకా విచ్చుకుంటున్న సంచిని ఢీకొంటే అదే గాయం చేస్తుంది. గర్భిణి కారు నడుపుతుంటే ఆమె రొమ్ము ఎముకకూ స్టీరింగుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. నెలలు నిండే కొద్దీ సీటును వెనక్కి జరుపుకోవాలి. స్టీరింగును వంచే వీలుంటే పొట్ట వైపు కాకుండా ఛాతీ వైపు తిప్పుకోవాలి. పెడల్స్ అందనంత వెనక్కి జరగాల్సి వస్తే ఆ నెల నుంచి తాళం చెవి మరొకరికి ఇవ్వడమే మంచిది. ఎయిర్‌బ్యాగ్‌ను పనిచేయకుండా చేయాల్సిన అవసరం లేదు.

వెనక కూర్చున్నవారి బెల్టు కూడా ఆమె కోసమే

మన దేశంలో 2022లో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో బెల్టు పెట్టుకోక 16,715 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది ప్రయాణికులు. అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు వెనక సీటు బెల్టు గురించి దేశమంతా మాట్లాడుకుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 138వ నియమం ప్రకారం, ముందుకు తిరిగి ఉండే వెనక సీట్లలోని వారు కూడా బెల్టు పెట్టుకోవాలి. లేకపోతే 1,000 రూపాయల జరిమానా.

జరిమానా కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ముందు సీట్లో గర్భిణి బెల్టుతో కూర్చుంది. వెనక సీట్లో అత్తగారు బెల్టు లేకుండా కూర్చున్నారు. కారు గుద్దుకోగానే అత్తగారి శరీరం మూడంతస్తుల మీద నుంచి పడ్డ వేగంతో ముందు సీటు వీపును ఢీకొంటుంది. కోడలు అప్పుడు బెల్టుకూ ఆ బలానికీ మధ్య నలిగిపోతుంది. కాబట్టి కారులో ఒక్కరు బెల్టు పెట్టుకుంటే సరిపోదు, అందరూ పెట్టుకోవాలి. బెల్టు మోత వినిపించకుండా గుచ్చే ఉత్త క్లిప్పుల్ని ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసేయాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆదేశించింది. 13,118 ప్రకటనలు తొలగించారు. అద్దె కారులో అలాంటి క్లిప్పు కనిపిస్తే తీయించి, బెల్టు పనిచేస్తోందో లేదో చూసుకుని ఎక్కండి. పట్టీని నెమ్మదిగా లాగితే రావాలి, ఒక్కసారిగా గుంజితే బిగుసుకుపోవాలి.

ప్రమాదం జరిగితే

చిన్న గుద్దుడే, ఒంటి మీద గీత కూడా పడలేదు. అయినా గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాయ విడిపోవడం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. అందుకే అయిదో నెల దాటినవారికి కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడునూ, గర్భాశయం బిగుసుకోవడాన్నీ యంత్రంతో గమనిస్తారు. రక్తం కనిపించడం, కడుపు నొప్పి, పొట్ట రాయిలా గట్టిపడటం, నీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. అవసరమైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ప్రమాదంలో సాయానికి 108కి ఫోన్ చేయవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో గర్భిణుల కోసం 102 మహతారీ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది.

దూర ప్రయాణానికి బయల్దేరే ముందు డాక్టరును అడగండి. దారిలో రెండు గంటలకోసారి ఆగి నాలుగడుగులు నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. రిపోర్టుల ఫైలు సామానులో అడుగున కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి. ఘాటు దారిని పగటిపూట దాటేలా బయల్దేరండి. సీమంతం రోజున పసుపు కుంకుమలు ఇచ్చి కారు ఎక్కించే పెద్దలు మరొక్క పని చేయాలి. అమ్మాయి నడుము పట్టీ పొట్ట కిందికి ఉందో లేదో తామే వంగి చూసి, తర్వాత తమ బెల్టు తాము పెట్టుకోవాలి.