గిటారు నుండి బాస్‌కు: వాద్యమును ఎంచుకొనువారు గమనింపవలసిన సంగతులు



ఈసారి పాఠము పాటల బృందములకు సంబంధించినది. మన సంఘములలో గిటారు వాయించు యౌవనస్థులకు కొదువ లేదు. ముగ్గురు నలుగురు ఒకే వరుసలో నిలబడి ఒకే కార్డును మీటుచుందురు గాని, క్రింది స్వరమును పట్టుకొనువాడు ఒక్కడును ఉండడు. అప్పుడు పెద్దలు, "మీలో ఒకరు బాస్ నేర్చుకోండి" అందురు. ఆ వెంటనే ఏ బాస్ కొనవలెనన్న ప్రశ్న వచ్చును. ఈ ప్రశ్నకు మా సంఘములో మేము మొదట తప్పు జవాబు చెప్పుకొన్నాము. ఆ తప్పు వలన ఒక అబ్బాయిని పోగొట్టుకొనునంత పని అయినది. మరియొక సంఘములో అట్లు జరుగకూడదని ఈ సంగతులు వ్రాయుచున్నాము.

మేము చేసిన పొరపాటు

మాది కర్ణాటకలో మూడు తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల సంఘము. ఆ అబ్బాయి మా బృందములో మూడవ గిటారు. కన్నడ బడిలో చదివాడు. ఇంట్లో తెలుగు మాట్లాడును గాని చదువలేడు. పాటల పుస్తకము చేతికిస్తే ప్రక్కవారి నోటి వైపు చూచును. వాద్యము చేతిలో ఉన్నప్పుడు మాత్రము అతనికి ఆ ఇబ్బంది లేదు. తెలుగు కూడికలో అతని చోటు అదే.

బాస్ వాయించుటకు అతడు ఒప్పుకొన్నాడు. స్త్రీల సమాజము వారు, యౌవనస్థులు కలిసి డబ్బు పోగు చేశారు. అబ్బాయికి ఆశ్చర్యముగా ఉండవలెనని అతనిని తీసుకొని వెళ్లకుండ మేము ఇద్దరము దుకాణమునకు వెళ్లాము. అక్కడ ఐదు తీగల బాస్ ఒకటి నిగనిగలాడుచు కనబడినది. నాలుగు కంటె ఐదు మేలు గదా అనుకొని కొన్నాము. పొడవు, బరువు, మెడ వెడల్పు ఏదియు చూడలేదు. రంగు మాత్రము చూచాము.

రెండు నెలల తరువాత అతడు ఆ వాద్యమును సంచిలో పెట్టి తెచ్చి, "అంకుల్, నా చేతికి ఇది రాదండి. బాగా వాయించేవాళ్లకు ఇవ్వండి" అన్నాడు. మణికట్టు నొప్పి అని తరువాత అతని నాయనమ్మ చెప్పినది. తప్పు తనదే అనుకొన్నాడు. అభ్యాసమునకు రావడము మానేశాడు. కొన్ని వారములకు కూడికలో కూడ వెనుక బెంచీలోనికి మారాడు, ఆ తరువాత అదియు లేదు.

బాస్ అనగా ఏమి?

బాస్ గిటారు నాలుగు తీగలకు గిటారులోని లావు తీగలు నాలుగింటి పేర్లే ఉండును: ఇ, ఎ, డి, జి. అయితే ప్రతిదియు ఒక స్థాయి క్రిందుగా మ్రోగును. గిటారు లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపించును, బాస్ లావు తీగ సుమారు 41 సార్లు. గనుక గిటారు తెలిసినవానికి స్వరముల చోట్లు ముందే తెలిసియుండును. ఇది అతనికి గొప్ప వసతి.

గతములో ఈ పని మనిషి ఎత్తు ఉండే నిలువు బాస్ చేసేది. దానికి ఫ్రెట్లు లేవు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ఫ్రెట్లతో 'ప్రెసిషన్ బాస్'ను బజారులోనికి తెచ్చాడు. ప్రెసిషన్ అనగా ఖచ్చితము. ఫ్రెట్ల వలన స్వరము ఖచ్చితముగా పలుకును గనుక ఆ పేరు. అప్పటినుండి గిటారు వాయించువారికి బాస్ అందుబాటులోనికి వచ్చినది. పాల్ మెకార్ట్‌నీ మొదట గిటారు వాయించినవాడే. బృందములో బాస్ వాయించు మిత్రుడు మానుకొనగా 1961లో బాస్ పట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో కేరల్ కే అను గిటారు విద్వాంసురాలు 1963లో ఒక రికార్డింగుకు బాస్ వాయించువారు రాకపోగా ఆ పని అందుకొన్నది. తరువాత బాస్ వలననే పేరు పొందినది. గనుక గిటారు విడిచి బాస్‌కు వచ్చుట దిగజారుట కాదు.

అయితే పని మారును. గిటారు జి కార్డు వాయించుచుండగా బాస్ జి పలికితే పాట నిలకడగా ఉండును. అదే సమయములో బాస్ బి పలికితే, గిటారువాడు వ్రేలు కదపకపోయినను, ఆ కార్డు ఎక్కడికో నడువబోవుచున్నట్లు వినబడును. బాస్ ఒక్క స్వరముతో అందరి స్వరములకు అర్థము మార్చును. మన కీర్తనలలోనైతే కార్డులు తరచుగా మార్చుట కంటె ఆధార షడ్జమమును పట్టుకొని, ఆది తాళములో మొదటి దెబ్బకు, ఐదవ దెబ్బకు నిండుగా పలుకుట చాలును.

ఇప్పుడు ఎంపిక సంగతికి వత్తము.

1. తీగ పొడవు

నట్ నుండి బ్రిడ్జి వరకు మ్రోగు తీగ పొడవును స్కేల్ అందురు. ఫెండర్ తరహా గిటారులో ఇది 25.5 అంగుళములు. మామూలు బాస్‌లో 34 అంగుళములు. చిన్న స్కేల్ బాస్‌లో 30 అంగుళములు. దీని ప్రభావము ఎడమ చేతిమీద పడును. మొదటి ఫ్రెట్ గడి గిటారులో దాదాపు 36 మిల్లీమీటర్లు, 30 అంగుళముల బాస్‌లో 43, 34 అంగుళముల బాస్‌లో 48. నాలుగు గడులకు నాలుగు వ్రేళ్లు చాపుట గిటారువారి అలవాటు. పెద్ద బాస్‌లో క్రింది గడుల దగ్గర అట్లు చేస్తే మణికట్టు నొప్పి పుట్టును. అక్కడ మూడు గడులే పట్టుకొని, ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును కలిపి నొక్కుట క్షేమము.

చిన్న చేతులవారు, పన్నెండు పదమూడేండ్ల పిల్లలు చిన్న స్కేల్ తీసుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. మెకార్ట్‌నీకి పేరు తెచ్చిన హాఫ్నర్ బాస్ చిన్న స్కేల్‌దే. ఐబనేజ్ వారి మైక్రో బాస్ ఇంకను చిన్నది, 28.6 అంగుళములు. చిన్న స్కేల్‌లో తీగ బిగువు తక్కువ, ధ్వని కొంచెము మెత్తన. పెద్ద స్కేల్‌లో లావు తీగ స్పష్టముగా పలుకును. చేయి సరిపోయినవారు 34 అంగుళములది తీసుకొనుట మేలు. దానికి తీగలు ఏ ఊరిలోనైనను సులువుగా దొరకును.

2. తీగల సంఖ్య

మొదటి బాస్ నాలుగు తీగలదే కావలెను. ఐదవ తీగ సెకనుకు సుమారు 31 కంపనముల లోతైన బి స్వరము. మన మందిరములలో ఉండే సామాన్యమైన స్పీకరు పెట్టెలు ఆ లోతును సరిగా పలికింపలేవు. మాకు అది ఎవరో తలుపు తట్టినట్లు వినబడినది. పైగా వాయించని తీగ తనంతట తాను మ్రోగకుండ ఎప్పుడును చేతితో అణచి ఉంచవలెను. క్రొత్తవానికి ఒక తీగ పెరిగితే కాపలా కూడ పెరుగును.

3. మెడ, బరువు

ఫెండర్ వారి రెండు ప్రసిద్ధ నమూనాలు చూడండి. ప్రెసిషన్ మెడ నట్ దగ్గర వెడల్పుగా ఉండును. 1960లో వచ్చిన జాజ్ బాస్ మెడ అక్కడ సన్నము, సుమారు 38 మిల్లీమీటర్లు. గిటారునుండి వచ్చు చాలామందికి సన్నని మెడ త్వరగా అలవాటగును. ఇతర కంపెనీల వాద్యములలోను ఈ రెండు తరహాలు కనబడును. పేరు కంటె మెడ పట్టు ముఖ్యము.

బాస్ బరువు తరచుగా 4 కిలోల వరకు ఉండును. దుకాణములో కూర్చుండి వాయించి లేచి రావద్దు. వెడల్పాటి పట్టీ తగిలించి పావుగంట నిలబడండి. ఎడమ చేయి వదలి చూడండి. మెడ నేల వైపు వాలిపోతే, ఆ బరువును పాట పొడవునా ఎడమ చేయి మోయవలసి వచ్చునని గ్రహించండి.

4. బ్యాటరీ గలవి, లేనివి

కొన్ని బాస్‌లలో ధ్వనిని సవరించుటకు 9 వోల్టుల బ్యాటరీ ఉండును. వీటిని యాక్టివ్ అందురు. ఇవి మంచివే గాని, వైరు తగిలించి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చగును. అభ్యాసము కాగానే వైరు తీయుట మరచితే ఆదివారము పాట మధ్యలో ధ్వని బొంగురుపోవును. ఒక వాద్యమును పలువురు వాడు సంఘములలో బ్యాటరీ లేనిదే సుఖము. యమహా టి.ఆర్.బి.ఎక్స్. 174 ఇటువంటిది.

5. ధ్వని ఎక్కడ నుండి వచ్చును?

డబ్బంతయు వాద్యమునకే పెట్టవద్దు. గిటారు యాంప్‌లో బాస్‌ను తగిలించి మెల్లగా వాయిస్తే పరవాలేదు గాని, గట్టిగా పెడితే దాని స్పీకరు చెడును. మందిరములో మంచి పెట్టెలు, మిక్సరు ఉన్నట్లయితే, డి.ఐ. బాక్స్ అను చిన్న పరికరము ద్వారా బాస్‌ను నేరుగా మిక్సరుకు పంపవచ్చును. ఇండ్లలో జరుగు కూడికలకు అకూస్టిక్ బాస్ చాలుననుకొందురు. దాని డొల్ల అంత లోతైన స్వరమునకు చాలదు. నలుగురు పాడితే అది వినబడదు.

కీబోర్డు వాయించువారికి ఒక మనవి. బాస్ వచ్చిన తరువాత మీ ఎడమ చేతి క్రింది స్వరములను విడిచిపెట్టవలెను. ఇద్దరు ఒకే చోట పలికితే పాట బురదయగును.

6. పాతది కొనునప్పుడు

ఒకరు వాడిన వాద్యము కొనుట తప్పు కాదు. అయితే లావు తీగను మొదటి ఫ్రెట్ వద్ద, చివరి ఫ్రెట్ వద్ద ఒకేసారి నొక్కి, మధ్యలో చూడండి. తీగకు ఫ్రెట్‌కు నడుమ సన్నని సందు ఉండవలెను. ఎక్కువ ఉంటే మెడ వంగినది. కొద్ది వంపును లోపలి ఇనుప కడ్డీ త్రిప్పి సరిచేయవచ్చును, కాని అది తెలిసినవారే చేయవలెను. ప్రతి తీగను ప్రతి గడిలో మీటి గరగరలు వినండి. మీటలు త్రిప్పి చిటపటలు వినండి. సముద్ర తీరమున ఉన్నవారు వాయించిన ప్రతిసారి తీగలను పొడి బట్టతో తుడువవలెను. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పట్టును.

7. కొనకముందు ఒక నెల

ఇది అన్నిటికంటె ముఖ్యము, ఖర్చు లేనిది. ఇప్పుడున్న గిటారులోనే లావు తీగలు నాలుగు మాత్రము వాడుచు, కార్డులు మాని, ఒక్కొక్క స్వరమే ఒక నెల వాయించండి. తబలా లేక డోలక్ వాయించువాని ప్రక్కన కూర్చుండి అతని దెబ్బతో కలియండి. నెల తరువాత కూడ ఆ పని ఇష్టముగా ఉంటే అప్పుడు కొనండి. ఎవరు వాయింపవలెనో వారినే దుకాణమునకు తీసుకొని వెళ్లండి. వారి చేయి ఒప్పుకొన్నదే కొనండి.

ముగింపు

మేము ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, "తప్పు నీ చేతిది కాదు నాయనా, మేము కొన్నదానిది" అని ఒప్పుకొన్నాము. ఈ మాట రెండు నెలల ముందే చెప్పియుండవలసినది. ఒక సహోదరుని దగ్గర 30 అంగుళముల పాత బాస్ ఉంటే అడిగి తెచ్చి ఇచ్చాము. ఐదు తీగల దానిని కొన్నదానికంటె తక్కువకు అమ్మాము. ఆ నష్టమును వాద్యము కొన్న మేము ఇద్దరమే భరించాము.

ఇప్పుడు అతడు ప్రతి శనివారము సాయంకాలము నాయనమ్మ ప్రక్కన కూర్చుండి, ఏ మాట దగ్గర స్వరము మారునో పాటల పుస్తకములో పెన్సిలుతో గుర్తు పెట్టుకొనును. ఆమె చదువును, అతడు గుర్తు పెట్టును. అట్లు గుర్తు పెట్టుచు పెట్టుచు కొన్ని అక్షరములు వచ్చినవి. పోయిన నెల ఒక పాట పల్లవి తానే చదివాడని ఆమె మాతో చెప్పినది.

మీ బృందములో చర్చించుకొనుటకు

1. మీ బృందములో ఒకే పని చేయుచున్నవారు ఎందరు? ఎవరును చేయని పని ఏది?
2. వాద్యము కొనుటకు ముందు వాయించువారిని అడిగారా?
3. మీ మందిరములోని పెట్టెలు, మిక్సరు బాస్ ధ్వనిని మోయగలవా?
4. అభ్యాసమునకు రావడము మానిన యౌవనస్థుడు ఎవరైనా ఉన్నాడా? కారణము తెలిసికొనుటకు అతని ఇంటికి ఎవరు వెళ్లుదురు?