నెలలు నిండని బిడ్డలు

ఎర్రగడ్డ అన్నది చక్కని తెలుగు పేరు. ఎర్రని నేల గల దిబ్బ అని దాని అర్థం. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయం దశాబ్దాలుగా అక్కడ నెలకొని ఉండటం వలన ఆ పేరు కాలక్రమంలో ఎగతాళి మాటగా మారినది. పాఠం అందుకోలేని బాలుని, ఎవరితోనూ కలవక ఒంటరిగా కూర్చునే బాలికను తోటివారు ఆ ఊరి పేరు పెట్టి ఆటపట్టించటం నగరవాసులు ఎరిగినదే. అట్లా నవ్వులపాలయ్యే పిల్లలలో కొందరు నెలలు నిండకుండా పుట్టినవారై ఉండవచ్చు. వారి తడబాటుకు మూలం సోమరితనం కాదు. తల్లి గర్భంలో గడపవలసిన వారాలను వారు ఆసుపత్రి గాజుపెట్టెలో గడిపారు. ఈ సంగతి తరగతి గదిలో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కసారి తల్లిదండ్రులు సైతం మరచిపోతారు.

గర్భస్థ కాలం 40 వారాలు. 37 వారాలు పూర్తికాక పూర్వమే జన్మించిన శిశువును నెలలు నిండని శిశువు అంటారు. 2020వ సంవత్సరంలో ప్రపంచమంతటా 1 కోటి 34 లక్షల మంది ఈ విధంగా పుట్టినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో సుమారు 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. ఏడవ నెల బిడ్డ దక్కుతుంది గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదని మన పెద్దలు కొందరు చెప్పేవారు. అది వట్టి నమ్మకమే. గర్భంలో గడచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ఆ చివరి వారాలలో జరిగే పని అంతా ఇంతా కాదు. 34వ వారంలో శిశువు మెదడు బరువు, నెలలు నిండిన శిశువు మెదడు బరువులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. మెదడు పైపొరలో మడతలు ఏర్పడటం, నాడీకణాల మధ్య లెక్కలేనన్ని సంబంధాలు అల్లుకోవటం అప్పుడే ముమ్మరంగా సాగుతుంది. చీకటిలో, తల్లి గుండె చప్పుడు వింటూ సాగవలసిన ఈ నిర్మాణం కళ్ళు చెదరే దీపాల నడుమ, యంత్రాల కూతల నడుమ, సూదిపోట్ల నడుమ సాగవలసి వస్తుంది. ప్రాణం నిలిపే చికిత్సయే బిడ్డకు ఒత్తిడి కూడా కావటం ఇందులోని చిక్కు.

బ్రిటన్, ఐర్లాండులలో 1995లో 26 వారాల లోపు పుట్టిన శిశువులను పరిశోధకులు పెద్దవారయ్యే వరకు పరిశీలిస్తూ వచ్చారు. జర్మనీలోనూ ఇటువంటి దీర్ఘ పరిశీలన జరిగినది. మిక్కిలి ముందుగా పుట్టినవారి ప్రజ్ఞాలబ్ధి తోటివారి కంటే సగటున పది పాయింట్లకు పైగా తక్కువగా ఉన్నట్లు ఇటువంటి అధ్యయనాలు తెల్పాయి. అయితే సగటు వేరు, ఒక్కొక్క బిడ్డ వేరు. తోటివారితో సమానంగా చదివినవారు వారిలో ఎందరో ఉన్నారు. అసలు ఇబ్బంది ప్రజ్ఞాలబ్ధి కంటే ఏకాగ్రతలో, లెక్కలలో, విన్నదానిని మనస్సులో నిలుపుకొని వెంటనే వాడుకోవటంలో ఎక్కువగా కనిపిస్తుంది. స్నేహం విషయం మరింత సున్నితమైనది. ఎదుటివారి ముఖభావం గ్రహించటానికి, ఆటలో చొరవగా చేరటానికి వీరిలో కొందరు జంకుతారు. అల్లరి చేయరు కనుక ఉపాధ్యాయుడు బుద్ధిమంతుడని మెచ్చుకొని ఊరుకుంటాడు. అల్లరి పిల్లవానికి దక్కే శ్రద్ధ ఈ మౌనికి దక్కదు.

హైదరాబాదులో ఈ శిశువుల సంరక్షణకు పెద్ద దిక్కు నిలోఫర్ ఆసుపత్రి. ఏడవ నిజాం కోడలు నిలోఫర్ తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించగా చలించి, తల్లులకు, బిడ్డలకు ప్రత్యేక వైద్యశాల ఉండాలని తలచినది. 1953లో ఆ ఆసుపత్రి ప్రారంభమైనది. అది ఉన్న పేట పేరు రెడ్‌హిల్స్, అంటే అది కూడా ఎర్రగడ్డయే! అసలు ఎర్రగడ్డలో మెట్రో రైలెక్కిన తల్లి అమీర్‌పేట, పంజాగుట్ట దాటి లక్డీకాపూల్‌లో దిగితే ఆసుపత్రి చేరువలోనే ఉంటుంది. దూరం తక్కువే. కాని బిడ్డను మళ్ళీ మళ్ళీ పరీక్షకు తీసుకొనిరావాలంటే ఆనాటి కూలి పోతుంది. బిడ్డ బరువు పెరిగి బొద్దుగా కనిపించగానే రావటం మానివేసే తల్లులు ఉంటారు. మెదడు ఎదుగుదల తక్కెడలో తూగేది కాదు.

కంటి విషయంలో ఈ ఆలస్యం మరీ ప్రమాదం. కంటిలోని రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా విస్తరించక ముందే బిడ్డ పుడితే, ఆ తరువాత అవి వంకరగా పెరిగి చూపును హరించవచ్చు. ప్రాణవాయువు మోతాదు మించినా ఈ ముప్పు పెరుగుతుంది. ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ చూపు కోల్పోయినది ఈ వ్యాధి వలననే. పంజాగుట్టకు సమీపంలో బంజారాహిల్స్‌లో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, జంట నగరాల శిశు వైద్యశాలలలోని నెలతక్కువ బిడ్డలకు కంటి పరీక్షలు జరిపే కార్యక్రమాన్ని 1990ల చివరలో చేపట్టినది. పుట్టిన 30 రోజులలోపు పరీక్ష జరగాలి. సకాలంలో లేజర్ చికిత్స అందితే చూపు చాలావరకు దక్కుతుంది. తల్లి ముఖం చూడలేని బిడ్డకు నవ్వుకు నవ్వు బదులివ్వటం ఆలస్యంగా అలవడుతుంది. మాట, స్నేహం మొలకెత్తేది ఆ నవ్వులలోనే.

ఖరీదులేని చికిత్స ఒకటి ఉన్నది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచే పద్ధతిని ఆరంభించారు. దానికే కంగారూ సంరక్షణ అని పేరు. ఆ విధంగా పెరిగిన బిడ్డలను ఇరవై ఏళ్ళ తరువాత పరిశీలించగా, వారిలో దుడుకుతనం, బడి మానివేయటం తక్కువగా ఉన్నట్లు 2017లో వెల్లడైనది. తండ్రి కూడా ఈ పని చేయవచ్చు.

ఇంటివద్ద బిడ్డ వయస్సును లెక్కించటంలో ఒక మెలకువ అవసరం. 28 వారాలకు పుట్టిన బిడ్డకు తొమ్మిది నెలలు వచ్చినవనుకుందాం. ముందుగా పుట్టిన 12 వారాలు తీసివేస్తే సరిచేసిన వయస్సు సుమారు ఆరు నెలలే. పొరుగింటి తొమ్మిది నెలల బిడ్డ పాకుతున్నదని బెంగపడరాదు. ఈ బిడ్డ ఆరు నెలల పనులు చేస్తున్నదా అని చూడాలి. చేయకుంటే మాత్రం ఉపేక్షింపరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఇటువంటి ఎదుగుదల లోపాలను పరీక్షిస్తారు. రెండేళ్ళు నిండేవరకు ఈ లెక్కనే పాటించటం వైద్యుల ఆనవాయితీ.

బడికి మాత్రం ఈ లెక్క తెలియదు. ఆగస్టులో పుట్టవలసిన బిడ్డ మే నెలలో పుడితే, జూన్‌లో బడులు తెరిచేనాటికి వయస్సు నిండినదని ఒక తరగతి ముందుగా చేర్చుకుంటారు. ప్రవేశ పత్రంలో పుట్టినతేదీకి గడి ఉంటుంది గాని, ఎన్ని వారాలకు పుట్టినదో వ్రాసే గడి ఉండదు.